వాలి మరణము – సుగ్రీవుని కన్నీరు

తుంగభద్రాతీరమున హంపీక్షేత్రమును సేవించు యాత్రికులు శ్రీ విరూపాక్షస్వామిని, మాల్యవంతముపై వెలసిన శ్రీ రఘునాథస్వామిని దర్శించి, నది యావలియొడ్డున నున్న ఆనెగొందికిని అంజనాద్రికిని పోవుట పరిపాటి. ఆ ప్రాంతమే శ్రీమద్రామాయణమునందలి కిష్కింధ యని తరతరముల విశ్వాసము. అచ్చట నింబాపురమను చిన్న గ్రామముచెంత బూడిదదిబ్బ యొకటి కలదు. అది వాలి చితాభస్మమని స్థానికులైన పెద్దలు చెప్పుదురు. పురాతత్త్వవేత్తలు అట్టి దిబ్బలను వేలయేండ్ల క్రిందటి పశుపాలకులు పేడప్రోగులను కాల్చగా మిగిలినవిగా నిర్ణయించిరి. దిబ్బ పుట్టుక యెట్టిదైనను, దానిచెంత నిలిచినవారికి వాలి తలపునకు వచ్చుట మాత్రము నిజము. సుగ్రీవుని గుహయని మరియొక తావును అదే ప్రాంతమున చూపుదురు. ఒకరినొకరు చూడలేక విడిపోయిన అన్నదమ్ముల గురుతులు నేడు ఆ రాళ్లనడుమ ఇరుగుపొరుగుగ నున్నవి.

ఆ అన్న చితిచెంత సుగ్రీవుడు కన్నీరు కార్చెను. ఈ ఘట్టమును పారాయణము చేయువారికి ఒక సందేహము కలుగుట సహజము. వాలి నెదిరింపగల మిత్రునికొరకు వేయికన్నులతో ఎదురుచూచినవాడు సుగ్రీవుడు. అగ్నిసాక్షిగ శ్రీరామునితో స్నేహము చేసి వాలివధను కోరినవాడును అతడే. కిష్కింధాద్వారమున నిలిచి, గర్జించి, రెండుమారులు అన్నను యుద్ధమునకు పిలిచినవాడును అతడే. కోరినది కోరినట్లు జరిగిన పిమ్మట ఆ దుఃఖమేల? అది నటనయా? పశ్చాత్తాపమా? లేక లోలోపలి సంతోషమును దాచుకొనుటకు వేసికొన్న ముసుగా? వాల్మీకిమహర్షి ఈ ప్రశ్నలకు ఒక్కమాటలో సమాధానము నీయలేదు. కొంత సుగ్రీవుని నోటనే పలికించెను. మిగిలినదానిని అటుపిమ్మటి అతని నడవడియందు చూపెను.

ఆ సోదరుల వైరము రాజ్యముచుట్టు పెరిగినది. మాయావి యను అసురుని తరుముచు వాలి ఒక బిలమున ప్రవేశించెను. ద్వారమున నిలిచిన సుగ్రీవుడు సంవత్సరకాలము వేచియుండెను. తుదకు నురుగుతో కూడిన నెత్తురు వెలుపలికి రాగా, అన్న మరణించెనని తలచి, కొండంత బండతో ద్వారమును మూసి, తర్పణము విడిచి పురమునకు మరలెను. మంత్రులు అతనికి పట్టము కట్టిరి. అసురుని జంపి తిరిగివచ్చిన వాలికి సింహాసనముపై తమ్ముడు కనబడెను. తమ్మునికి అది పొరపాటు. అన్నకు అది ద్రోహము. కిరీటముతో పాదములంటి సుగ్రీవుడు వేడుకొన్నను వాలి మనసు కరగలేదు. తమ్ముని కట్టుబట్టతో వెడలగొట్టి, అతని భార్యయైన రుమను తనదిగ చేసికొనెను. సుగ్రీవుడు భూమియంతయు తిరిగి, మతంగమహర్షి శాపముచే వాలి కాలుమోపజాలని ఋశ్యమూకమున తలదాచుకొనెను. జరిగినది ఒక్కటే, దానిని చెప్పుకొన్న కథలు రెండు. అధికారమునుగూర్చిన వైరములలో తరచు జరుగునది ఇదియే. ఎవరి కథ వారికి సత్యముగనే తోచును. ఏండ్లు గడచినకొలది రెండవవాని కథను వినుటకు చెవి యొల్లదు.

అయినను వాలికి సంధిమార్గమును చూపినవారు లేకపోలేదు. సుగ్రీవుడు రెండవమారు వచ్చి పిలిచినపుడు, తార భర్తకు అడ్డుపడెను. ఓడిపోయి పోయినవాడు వెంటనే మరలివచ్చెననిన వెనుక గొప్ప అండ యుండవలెనని ఆమె ఊహించెను. రామలక్ష్మణులతో సుగ్రీవునకు చెలిమి కుదిరినదని చారులవలన అంగదుడు తెలిసికొన్న వార్తను వినిపించెను. తమ్ముని పిలిచి యౌవరాజ్యమిచ్చి వైరమును మాన్పుకొమ్మని హితవు చెప్పెను. ఆ ఒక్కమాట వినియున్నచో కిష్కింధాకాండము మరియొక విధముగ నడచియుండెడిది. వాలి వినలేదు. కాని బయలుదేరుచు అతడు చెప్పిన మాటయొకటి మరువరానిది. తమ్ముని గర్వము నణచెదనే గాని ప్రాణము తీయనని అతడు తారకు చెప్పెను. శత్రువుగా మారిన యన్నలోను అన్న యింకను మిగిలియుండెను. ఆ సంగతి అప్పటికి సుగ్రీవునకు తెలియదు. తెలిసియున్నను ఒప్పుకొను స్థితిలో అతడు లేడు.

శ్రీరాముని బాణము తగిలి నేలకొరగిన వాలి, మొదట రాముని నిందించి, పిదప ధర్మమును విని శాంతించి, తుదకు తమ్మునివైపు తిరిగెను. తన తప్పులను మనసున నుంచుకొనవద్దనియు, బుద్ధిమోహము తన్ను బలాత్కారముగ లాగుకొనిపోయినదనియు చెప్పెను. సోదరసుఖమును రాజ్యసుఖమును ఏకకాలమున అనుభవించు భాగ్యము తమ యిరువురకు విధి వ్రాయలేదని వగచెను. ప్రాణముకంటె ప్రియుడైన అంగదుని కన్నకొడుకువలె చూచుకొమ్మని అప్పగించెను. సూక్ష్మవిషయములను నిర్ణయించుటయందు తార మాటను త్రోసివేయవద్దనియు, రామకార్యమును శంకింపక చేయుమనియు బోధించెను. తరువాత ఇంద్రదత్తమైన కాంచనమాలను తన కంఠమునుండి తీసి, ప్రాణము పోయిన పిమ్మట దాని శోభ తొలగునుగాన ఇప్పుడే ధరింపుమని యిచ్చెను. ఆ మాటలను వినినంతనే సుగ్రీవుని విజయసంతోషము రాహుగ్రస్తుడైన చంద్రుని వెన్నెలవలె మాసిపోయెను. ఏ మాలకొరకు, ఏ సింహాసనముకొరకు అంతకాలము తపించెనో, అది శత్రువు చేతులమీదుగ, ఆశీర్వాదముతో వచ్చి చేరినది. గెలుచుకొన్న వస్తువు దానముగ మారిన ఆ క్షణమున గెలిచినవాని గర్వమునకు నిలువనీడ లేకపోయెను.

వాలి కన్నుమూసిన పిమ్మట సుగ్రీవుడు శ్రీరాముని యెదుట తన హృదయమును విప్పెను. అందు ముఖ్యమైనది ఒక జ్ఞాపకము. పూర్వమొకప్పుడు ఇరువురు పోరాడినపుడు వాలి చెట్టుకొమ్మతో తన్ను కొట్టెననియు, దెబ్బకు తాళలేక తాను మూలుగుచుండగా ఓదార్చి, ఇకమీదట ఇట్లు చేయకుమని మందలించి విడిచిపుచ్చెననియు అతడు చెప్పెను. చంపగలిగియు అన్న చంపలేదు. అన్న సోదరభావమును, పెద్దరికమును, ధర్మమును నిలుపుకొనెను. తాను మాత్రము కోపమును, కామమును, కోతితనమును చూపితినని ఒప్పుకొనెను. త్వష్టృపుత్రుని చంపిన ఇంద్రుని పాపమును భూమియు, జలములును, వృక్షములును, స్త్రీలును పంచుకొనిరి. తన పాపమును పంచుకొనువారెవ్వరని వాపోయెను. అగ్నిప్రవేశము చేసెదననియు, తాను లేకున్నను వానరవీరులు సీతాదేవిని వెదకెదరనియు పలికెను.

ఇచ్చట భక్తులు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. ఆ జ్ఞాపకము సుగ్రీవునకు ఆ దినమున పుట్టినది కాదు. చెట్టుకొమ్మ దెబ్బయు, అన్న ఓదార్పును అతడు ఎప్పటినుండియో ఎరుగును. శ్రీరామునకు తన కష్టములను చెప్పుకొన్ననాడు రుమాపహరణమును చెప్పెను, దేశములు పట్టి తిరిగిన బాధను చెప్పెను. అన్న తన్ను చంపక విడిచిన సంగతిని చెప్పలేదు. వైరము అబద్ధమాడకపోవచ్చును, నిజములో సగమును మూసిపెట్టును. మరణము వచ్చి ఆ మూతను తీయును. ప్రత్యర్థి జీవించియున్నంతవరకు అతని దోషములను లెక్కించుట అవసరమనిపించును, ఏలయన పోరాటము సాగవలెను. అతడు పోయిన మరుక్షణమున ఆ లెక్కకు పనిలేదు. అప్పుడు మరుగుననున్న మంచి యంతయు ఒక్కమారుగ కన్నులయెదుట నిలుచును. సుగ్రీవుని కన్నీటికి కారణమిదియే. అది నటన కాదు. ఆలస్యముగ వచ్చిన న్యాయము.

అట్లని అతని బాధలు కల్లలైపోలేదు. సుగ్రీవుడు విలపించుచు వాలి నిర్దోషి యనలేదు. రుమకు జరిగినది అన్యాయమే; ఆ యపరాధమునకే వాలి దండనార్హుడయ్యెనని శ్రీరాముడు స్పష్టముగ చెప్పియుండెను. చనిపోయినంతమాత్రమున తప్పు ఒప్పు కాదు. బాధపడినవానికి ఊరట కలుగుటయు పాపము కాదు. ఊరటయు ఉండెను, శోకమును ఉండెను. ఒకదానిని నిలుపుటకు రెండవదానిని చంపుకొనవలసిన పనిలేదు. శ్రీరాముడు సుగ్రీవుని శోకమును పరిహసింపలేదు. కోరినది నెరవేరగా ఏడ్చెదవేలయని అడుగలేదు. బాణము వేసినవాడు తానేయైనను, సుగ్రీవుని మాటలు విని స్వామి కన్నులు చెమర్చినవని, ముహూర్తకాలము మనస్సు కలతనొందినదని మహర్షి వర్ణించెను. దండించిన చేయియు, చెమర్చిన కన్నును ఒక్క దేవునివే. అట్టి దైవమును సేవించువారు తమ మిశ్రభావములకు సిగ్గుపడనక్కరలేదు.

కాని స్వామి ఆ శోకమును అచ్చటనే నిలువనీయలేదు. కన్నీటివలన మృతునకు మేలు కలుగదనియు, కాలోచితమైన కర్మను చేయవలెననియు బోధించెను. లక్ష్మణస్వామి ఎండుకట్టెలను, చందనమును తెప్పింపుమని సుగ్రీవునకు చెప్పెను. శిబిక వచ్చినది. రాజునకు తగిన వైభవముతో వాలిని నదీతీరమునకు గొనిపోయిరి. అంగదుడు సుగ్రీవునితో కూడి తండ్రిని చితిపై నుంచి నిప్పంటించెను. తర్పణములు విడుచునపుడు అంగదుని ముందు నిలిపి, సుగ్రీవుడును తారయు వెనుక నిలిచిరి. సుగ్రీవుడు అన్నకు రెండుమారులు తర్పణము విడిచినట్లయినది. మొదటిమారు బిలద్వారమున, అన్న బ్రతికియుండగా పొరపాటున విడిచినది. వైరమంతయు అచ్చట పుట్టినది. రెండవమారు నదిలో, అన్న కొడుకును ముందుంచుకొని విడిచినది. వైరము అచ్చట ముగియవలెను. సుగ్రీవునకు పట్టాభిషేకము జరిగిననాడే, స్వామి యాజ్ఞచే అంగదునకు యౌవరాజ్యాభిషేకమును జరిగెను.

వైరము నిజముగ ముగిసినదా? ముగిసినదని చెప్పి కథను ఆపుట తేలిక. ఆదికవి ఆపలేదు. వర్షకాలము గడచులోపల సుగ్రీవుడు భోగములలో మునిగి కన్నీటిని మరచెను, ఇచ్చిన మాటను మరచెను. లక్ష్మణుని ధనుష్టంకారము వినిన పిమ్మట మేల్కొనెను. అటుపిమ్మట దక్షిణదిక్కునకు వెళ్లిన అంగదుడు, గడువు దాటినను సీతాదేవి జాడ దొరకక, సముద్రతీరమున కూలబడెను. అప్పుడతడు తన్ను యువరాజుగ చేసినవాడు రాముడే గాని పినతండ్రి కాదనియు, పాతపగను మనసున నుంచుకొన్న సుగ్రీవుడు ఈ నెపమున తన్ను చంపించుననియు చెప్పి ప్రాయోపవేశమునకు సిద్ధపడెను. బిలద్వారమును మూసిన పాతకథను మరల త్రవ్వెను. చితి చల్లారినను కొడుకు గుండెలో నిప్పుకణము మిగిలియుండెను. పెద్దల వైరము పిల్లలకు ఆస్తితోపాటు సంక్రమించును. తండ్రి పోయిననాడు శత్రువు కార్చిన కన్నీటిని కొడుకు వెంటనే నమ్మడు; నమ్మవలెనని శాసించు అధికారము ఎవరికిని లేదు. నమ్మకము నడవడివలన కలుగవలసినదే.

ఆ నడవడికి పరీక్ష మధువనమున వచ్చెను. హనుమంతుడు సీతాదేవిని దర్శించి మరలిన సంతోషముతో, అంగదుని యనుమతి పొంది వానరులు రాజుగారి మధువనమున చొచ్చి తేనె త్రాగి, కొమ్మలు విరిచి, కావలివారిని కొట్టిరి. కావలిపెద్దయైన దధిముఖుడు, సుగ్రీవునకు మేనమామ, పరుగున వచ్చి మొరపెట్టుకొనెను. తండ్రితాతలనాటి తోటను ధ్వంసము చేయించినవాడు వాలి కొడుకు. పగ మిగిలియున్న రాజునకు అంతకంటె మంచి నెపము దొరకదు. సుగ్రీవుడు కోపింపలేదు. కార్యము సఫలము కానిచో వారింత సాహసింపరని ఊహించి, సీతాదేవి జాడ తెలిసినదని ఆనందించి, అంగదాదులను త్వరగ పంపుమని మాత్రము చెప్పెను. శత్రువు కొడుకు చేసిన తప్పులో ద్రోహమును చూడక శుభవార్తను చూచెను. చితిచెంత కార్చిన కన్నీరు సత్యమని ఋజువైనది ఆనాడు.

యుద్ధకాండమున ఇదే ధర్మమును స్వామి మరింత స్పష్టముగ ఉపదేశించెను. రావణుడు కూలిన పిమ్మట విభీషణుడు మొదట విలపించెను. తరువాత అంత్యక్రియలవేళ, ధర్మమును విడిచిన క్రూరునకు తాను సంస్కారము చేయుట తగునాయని సంకోచించెను. సభలో హితము చెప్పి అవమానింపబడి, అన్నను విడిచివచ్చినవాని సంకోచమది. దానిని తేలికగ త్రోసివేయరాదు. వైరమునకు మరణమే హద్దు అనియు, కార్యము నెరవేరినది గనుక సంస్కారము చేయవలెననియు, రావణుడు విభీషణునకు ఎట్లో తనకును అట్లే యనియు శ్రీరాముడు సెలవిచ్చెను. అహోబిలమున వెలసిన నృసింహస్వామి కథయందును ఇట్లే యున్నది. తన్ను చంపింపజూచిన తండ్రి మరణింపగా ప్రహ్లాదుడు స్వామిని కోరినది తండ్రి పాపపరిహారమునే. అతని యిరువదియొక్క తరములవారు పవిత్రులైరని అనుగ్రహించియు, తండ్రికి ఉత్తరక్రియలు చేయుమనియే స్వామి ఆజ్ఞాపించెను.

ఇది పురాణకాలమునకు మాత్రమే చెల్లిన ధర్మము కాదు. దక్షిణదేశ రాజకీయచరిత్రలో శ్రీ చక్రవర్తి రాజగోపాలాచారిగారును, పెరియార్ ఈ.వి. రామస్వామిగారును సుప్రసిద్ధులు. కోస్తా, రాయలసీమ తెలుగువారును 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించువరకు ఆ మదరాసు రాష్ట్రమున భాగస్వాములే. యౌవనమున ఇరువురును మిత్రులు. ఒకరు సేలము పురపాలకసంఘమునకు, మరియొకరు ఈరోడు పురపాలకసంఘమునకు అధ్యక్షులుగ నుండిరి. ఇరువురును కాంగ్రెసులో పనిచేసిరి. 1925లో పెరియార్ కాంగ్రెసును విడిచిరి. రాజాజీ 1937లో ప్రభుత్వనాయకులై పాఠశాలలలో హిందీని నిర్బంధము చేయగా పెరియార్ ఆందోళనము నడపి చెరసాలకు పోయిరి. 1953లో రాజాజీ ప్రవేశపెట్టిన ప్రాథమికవిద్యాపథకమును సైతము తీవ్రముగ ప్రతిఘటించిరి. రాజాజీ శ్రీవైష్ణవులు, తమిళమున రామాయణమును రచించి 1958లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినవారు. పెరియార్ నాస్తికులు, రామకథను తీవ్రముగ విమర్శించినవారు. 1972 డిసెంబరు 25న రాజాజీ తొంబదినాలుగేండ్లు నిండిన వయస్సున పరమపదించిరి. తొంబదిమూడేండ్ల వృద్ధులైన పెరియార్ చక్రములకుర్చీలో శ్మశానమునకు వచ్చి కంటతడి పెట్టిరి. మరుసటి సంవత్సరము డిసెంబరు 24న తామును కన్నుమూసిరి. ఇరువురిలో ఎవరును తమ సిద్ధాంతమును విడువలేదు, ఎవరును మార్చుకొనలేదు. అయినను రాముని నమ్మనివారు సైతము, చితిచెంత శ్రీరాముడు చూపిన హద్దునే పాటించిరి. ధర్మము ఒప్పుకొన్నవారికే గాక మానవహృదయమునకంతకును సహజమైనదని దీనివలన తెలియుచున్నది.

గ్రామములలో పంచాయతీ యెన్నికలవలన రెండు పక్షములై, ఒకే బావినీరు త్రాగుచు మాటలు మానుకొన్న కుటుంబములు కలవు. దేవాలయోత్సవమున రథము పగ్గమును సైతము చెరియొకవైపున పట్టుకొనువారు కలరు. అట్టియింట పెద్ద మరణించెనన్న వార్త వినినపుడు ఎదుటిపక్షమువాని గుండెలో ఏమి జరుగునో అతనికే తెలియును. పీడ విరగడయైనదన్న భావము మొదట మెరయవచ్చును. వెంటనే, బాల్యమున కలసి ఈదిన చెరువు జ్ఞాపకము రావచ్చును. పరామర్శకు పోయిన నలుగురు నవ్వుదురేమో యన్న సంకోచము, పోకున్న తానే తన్ను క్షమించుకొనలేడేమో యన్న భయము కలుగవచ్చును. ఇవన్నియు సుగ్రీవునకును కలిగినవే.

అట్టివాడు చేయవలసినది రామాయణమున స్పష్టముగ నున్నది. లేని పొగడ్తలు పొగడనక్కరలేదు. ఉన్న మంచిని దాచరాదు. చితివరకు నడచుట, ఆ యింటివారికి చేయూతనిచ్చుట, శుభస్వీకారము దాటువరకైనను పాతమాట ఎత్తకుండుట మొదటి మెట్టు. ఆ యింటి పిల్లవాడు అనుమానముతో చూచినచో ఓర్చుకొనుట రెండవ మెట్టు. ఏనాడో ఆ పిల్లవాడు తన తోటలో కొమ్మ విరిచినపుడు, తండ్రి పగను తలచుకొనక చిరునవ్వు నవ్వుట కడపటి మెట్టు. మొదటిదానికి కొన్నిదినములు చాలును. కడపటిదానికి ఏండ్లు పట్టును. ప్రత్యర్థి బ్రతికియుండగనే తార మాట వినగలిగినవానికి ఈ మెట్లతో పనియే లేదు. అది అన్నిటికంటె ఉత్తమము.

అయోధ్యలో శ్రీరామపట్టాభిషేకమునాడు స్వామి సుగ్రీవునకు సూర్యకాంతితో మెరయు కాంచనమాలను, అంగదునకు వైడూర్యములు పొదిగిన భుజకీర్తులను అనుగ్రహించెను. వాలి కంఠమునుండి వచ్చిన మాల సుగ్రీవునకు శోకముతో లభించినది. స్వామి చేతినుండి వచ్చిన మాల శోకము తీరిన పిమ్మట లభించినది. పినతండ్రియు కొడుకును ఒకే సభలో, ఒకరి భాగ్యమును మరియొకరు చూచుచు నిలిచిరి. చితిచెంత మొదలైన పని ఆనాటికి పూర్తియైనది. తన్నాశ్రయించినవారి హృదయములందు మిగిలిన నిప్పుకణములను శ్రీనివాసుడు తన కృపావర్షముచే చల్లార్చి, వారి బిడ్డలను ఒకే పందిరిక్రింద నిలుపుగాక.